ఆ గదిలో లేనివాళ్ళ గౌరవం

కొత్తగా ఉద్యోగంలో చేరిన మన యువకులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "తోటి ఉద్యోగి మన జాతి గురించి తేలిగ్గా మాట్లాడితే ఏం చేయాలి? ఊరుకుంటే లోకువ అవుతాం. కోప్పడితే, చూశారా, వీళ్ళింతే అంటారు." స్టాఫ్ రూములోనైనా, ఐటీడీఏ ఆఫీసులోనైనా, బ్యాంకులోనైనా చిక్కు ఇదే. పెద్దలు "గౌరవంగా ఉండు" అని సలహా చెబుతారు. మంచి సలహానే. కానీ ఎవరి పట్ల గౌరవంగా ఉండాలి? ఇది తేల్చుకోకపోతే ఆ సలహా నోరు మూసుకోమని చెప్పినట్టే అవుతుంది.

కించపరిచే మాటలన్నీ తిట్లలా ఉండవు. కొన్ని పొగడ్తల్లా వస్తాయి. "మీరు ఆదివాసీ అంటే నమ్మలేం సార్, ఎంత శుభ్రంగా, ఎంత చక్కగా మాట్లాడతారు!" అంటారు. దానికి మనం నవ్వి థ్యాంక్స్ అంటే ఏమి ఒప్పుకున్నట్టు? మిగతా ఆదివాసీలు శుభ్రంగా ఉండరనీ, మాట్లాడలేరనీ, మనమొక్కరమే వేరనీ ఒప్పుకున్నట్టు. మన అమ్మను, మన గూడెం పటేల్‌ను బయట నిలబెట్టి మనం మాత్రం లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నట్టు.

"మీవాళ్ళు అమాయకులు" అనే మాట ఇంకా మెత్తగా ఉంటుంది. కానీ అమాయకుణ్ణి ఎవరూ సలహా అడగరు. అతని తరఫున వేరేవాళ్ళే నిర్ణయం చేసేస్తారు. భూమి కాగితాల దగ్గరా అంతే, పిల్లల చదువు దగ్గరా అంతే.

కాబట్టి గౌరవం ముగ్గురికి దక్కాలి. మాట అన్న మనిషికి, విన్న మనకు, ఆ గదిలో లేని మనవాళ్ళకు. ఈ మూడోవాళ్ళను మరిచిపోయిన మర్యాద మర్యాద కాదు.

మాట అన్న మనిషిని గౌరవించడమంటే, చెబితే తెలుసుకోగలడని నమ్మడం. ఎక్కడో పట్నంలో ఘోరమైన హత్య జరిగితే "ఆటవిక చర్య" అని పత్రికల్లో రాస్తారు. ఆటవికం అంటే అడవికి సంబంధించినది. రాసినవారికి మన మీద పగేమీ లేదు. చిన్నప్పటి నుంచి విన్న మాట కలంలోకి వచ్చింది, అంతే. అలాంటివారిని నిలదీయడం కంటే అడగడం మేలు. "సార్, అడవిలో ఉండేది మేము, హత్య జరిగింది పట్నంలో. ఈ మాట ఎందుకు వాడినట్టు?" అని అడిగితే ఆలోచించే మనిషి ఆలోచిస్తాడు.

"ఏజెన్సీ పిల్లలకు చదువు అంటదు" అన్నవారినీ అడగవచ్చు. "ఏ తరగతి పిల్లవాడు సార్? పేరేమిటి? ఇంట్లో ఏ భాష మాట్లాడతాడు?" "వాళ్ళు" అన్న మాట ఒక పిల్లవాడి పేరు దగ్గరికి వచ్చేసరికి అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో గోండి లేదా కొలామి మాట్లాడే బిడ్డ బడిలో మొదటి రోజే తెలుగు పుస్తకం తెరుస్తాడు. ఆ బిడ్డ మౌనాన్ని మందబుద్ధి అనడం మన బడి తప్పు. గోండి తెలుగుకు యాస కాదు, తోబుట్టువు లాంటి వేరే భాష. 2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 30 లక్షల మందికి అది మాతృభాష. 1943లోనే మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండిలో వాచకాలు కూడా తయారయ్యాయి. చదువు మనకు అంటకపోవడం కాదు, అది మన భాషలో మన గుమ్మం దాకా వచ్చింది తక్కువ.

"రిజర్వేషన్ టీచర్లు" అనే మాటకూ చరిత్రే జవాబు. ఏజెన్సీ బడులకు టీచర్లు సరిగ్గా రాకపోవడం వల్లనే 2000లో జీవో నంబర్ 3 వచ్చి, ఆ పోస్టులను స్థానిక గిరిజనులకు ఇచ్చింది. 2020లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. తీర్పు మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండొచ్చు. కానీ ఆ జీవో ఎందుకు పుట్టిందో తెలిసినవారు మన ఉద్యోగాలను దానం అనరు.

అయితే రోజూ మన అర్హతను రుజువు చేసుకుంటూ కూర్చోవాల్సిన పని లేదు. ఒకసారి స్పష్టంగా చెప్పాలి. విన్నాక కూడా అదే మాట అంటే అది తెలియనితనం కాదు. అప్పుడు "ఈ మాట నా ముందు అనకండి" అంటే చాలు. అది కూడా మర్యాదగల జవాబే.

ఎక్కడ చెప్పాలన్నది కూడా ముఖ్యమే. అవమానం ఎంతమంది చెవిన పడిందో, జవాబూ అంతమంది చెవిన పడాలి. ఒంటరిగా అన్న మాటకు ఒంటరిగానే చెప్పవచ్చు. పిల్లల ముందు అన్న మాటను మాత్రం పిల్లల ముందే సరిదిద్దాలి. లేకపోతే ఆ మాటే నిజమని పిల్లలు ఇంటికి మోసుకుపోతారు.

మాట పనుల పంపకంలోకి వచ్చిందనుకోండి, అంటే పదో తరగతి లెక్కలు ఎప్పుడూ ఒకరికే, బడి మానేసిన పిల్లలను తీసుకురావడం ఎప్పుడూ గిరిజన టీచరుకే అయిందనుకోండి. అప్పుడు నోటిమాట చాలదు. కారణం అడుగుతూ కాగితం రాయాలి. ఇక నలుగురి ముందు కావాలని అవమానిస్తే దానికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మంచితనం పేరుతో దాన్ని వదులుకోనక్కర లేదు.

ఇదే కొలత మనకూ వర్తిస్తుంది. మైదానం వాళ్ళందరూ మోసగాళ్ళని మనం అనుకున్నా, పెద్ద తెగవారు కొలాములనో, తోటులనో, కొండరెడ్లనో చిన్నచూపు చూసినా అది కూడా మనిషిని చూడకుండా గుంపును చూడటమే. మనకు నొప్పి కలిగించిన మాట ఇంకొకరి మీద వాడితే మన జవాబుకు బలం ఉండదు.

కోపం తప్పు కాదు. ఏదో అన్యాయం జరిగిందని కోపమే మనకు చెబుతుంది. కానీ మన జవాబు వినే వాళ్ళలో ఇంకా మాట్లాడటం రాని చిన్న ఉద్యోగి ఉంటాడు, వెనక బెంచీలో కూర్చున్న కొలాం పిల్ల ఉంటుంది. "మనవాళ్ళ గురించి తక్కువగా మాట్లాడితే ఇలా తలెత్తి, గొంతు పెంచకుండా చెప్పవచ్చు" అని వాళ్ళు మన నుంచి నేర్చుకోవాలి. టీచరు చెప్పే పాఠాల్లో ఇది కూడా ఒకటి.