గడపయైన రాజు, గడప దాటిన మట్టి ఓడు

ఎవరు ముందు నిలువవలెను, ఎవరు తల వంచవలెను అను సంగతిని పిల్లలు శాసనములు చదివి నేర్చుకొనరు. అవ్వ చెప్పిన కథలో నేర్చుకొందురు. రాజభటులు తొంగిచూడని పూరిగుడిసెలోనికి సైతము కథ చేరును. అందుచేతనే అధికారము గలవారు ఎల్లకాలములయందును కథలను, కథకులను ఆదరించిరి. ఇది తలచినప్పుడు ఒక ధర్మసందేహము కలుగును. కథ బలవంతునకు వింజామర వీచు దాసియా? లేక బలవంతునకు సైతము హద్దు గీయగల ధర్మమా?

తిరుమల క్షేత్రకథలు ఈ సందేహమును తీర్చగలవు. తొండమాన్ చక్రవర్తి ప్రతిదినము స్వామిని బంగారు తులసీపుష్పములతో అర్చించుచుండెను. ఒకనాడు స్వామి పాదములకడ మట్టిపూవులు కనిపించినవి. అవి భీముడను కుమ్మరి సమర్పించినవని తెలిసి, చక్రవర్తి అతని యింటికి వెళ్లెను. కుండలు చేయుమట్టితోనే పూవులు చేసి పూజించిన ఆ భక్తుని నైవేద్యమును స్వామి ఆరగించి, రాజు చూచుచుండగనే ఆ దంపతులకు వైకుంఠప్రాప్తి కలిగించెనని పురాణకథ. ఈ కథ తొండమానుని సింహాసనమునుండి దించలేదు. అతడు రాజుగనే ఉండెను. అతని బంగారమునకున్న గర్వము మాత్రము పోయినది.

ఈ భావము కథతోనే ఆగక ఆచారమందును నిలిచినది. గర్భాలయపు గడపయైన కులశేఖరపడిని దాటి మూలమూర్తి సన్నిధికి చేరునది మట్టి ఓడులోని దధ్యోదనమే. మిగిలిన ప్రసాదములు ఆ గడపకు ఇవతలనే నివేదింపబడును. ఆ గడప పేరు ఒక రాజుది. చేరదేశమునేలిన కులశేఖరాళ్వారు, వేంకటాద్రియందు స్వామి వాకిట మెట్టుగా పడియుండి ఆయన ముఖారవిందమును చూచుచుండవలెనని పెరుమాళ్ తిరుమొళియందు కోరుకొనెను. రాజు గడపయైనాడు. కుమ్మరి చేసిన మట్టి ఓడు ఆ గడపను దాటినది.

శ్రీకృష్ణదేవరాయలు 1513లో తొలిసారి తిరుమలకు వచ్చెను. 1518లో ఆనందనిలయ విమానమునకు బంగారు మలాము చేయించెను. ఇట్టి సేవలవలన రాజునకు కీర్తియు, ప్రజల దృష్టిలో పాలనార్హతయు పెరుగునన్నది దాచవలసిన సంగతి కాదు. అయినను ఆలయమునందు ఆయన విగ్రహము తిరుమలదేవి, చిన్నాదేవుల నడుమ చేతులు జోడించియే నిలిచియున్నది. శ్రీవేంకటేశ్వరునకు అంకితమిచ్చిన ఆముక్తమాల్యదలో ఆ చక్రవర్తి మాలదాసరి కథను చెప్పెను. లోకము అంటరానివాడని దూరముంచిన ఆ దాసరి, తన గానఫలమును ధారపోయగా, బ్రాహ్మణుడై పుట్టి బ్రహ్మరాక్షసుడైనవాడు ఉద్ధరింపబడెను. సింహాసనముపై కూర్చున్నవాడే ఇట్టి కథ చెప్పుట సామాన్యము కాదు.

అయినను అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. మాలదాసరి కథ 16వ శతాబ్దిది. నాటి మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ చట్టము వచ్చినది 1947లో. చిత్తూరు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రమునందే ఉండెను. నడుమ నాలుగువందల యేండ్లు గడచినవి. కథ విని కన్నీరు కార్చినవారే, ఆ కథలోని మనిషి వాకిట నిలిచినప్పుడు తలుపు మూసిరి. భక్తుడు పురాణములో ఉన్నంతకాలము పూజ్యుడు, వీధిలోనికి వచ్చినంతనే అన్యుడు అయినాడు. కథలో లోపము లేదు. దానిని వీనులవిందుగా మాత్రమే విని లేచిపోవుటయందు లోపమున్నది. వినువారి నడత మారినప్పుడే కథకు లోకమును మార్చు శక్తి కలుగును.

కావున ఏ కథ విన్నను అది ఎవరి తల వంచుమనుచున్నదో గమనించవలెను. వంగియున్నవానిని మరింత వంచు కథ, ఎంత మధురముగా చెప్పినను, అధికారమునకు ఊడిగము చేయునదే. నిక్కినవానిని వంచి, వంగినవానిని లేవనెత్తు కథయే భాగవతకథ.

యాత్ర ముగించి ఇల్లు చేరిన గృహస్థుడు పిల్లలకు కుమ్మరి భీముని కథ చెప్పుట మంచిదే. మరునాడు వాకిటికి వచ్చిన పనివానికి ఆయన ఏ పాత్రలో మంచినీరిచ్చునో ఆ పిల్లలు చూతురు. పెద్దవారైన పిమ్మట వారికి గుర్తుండునది ఆ పాత్రయే.