చీకటియు ఛాయాచిత్రమును

చీకటి యనునది యొక వస్తువా, లేక వెలుతురు లేమి మాత్రమేనా? ఈ ప్రశ్న మన శాస్త్రకారులు ఏనాడో వేసికొనిరి. కణాదుని మత మనుసరించిన వైశేషికులు చీకటి యని వేరుగా నేమియు లేదనియు, తేజస్సు లేకుండుటయే చీకటి యనియు సిద్ధాంతీకరించిరి. కుమారిలభట్టు ననుసరించిన మీమాంసకులు దీని నంగీకరింపలేదు. చీకటికి నల్లని రూపము కలదు, అది కదలుచున్నట్లును కనబడుచున్నది, కావున నదియు నొక ద్రవ్యమే యని వారు వాదించిరి. పండితగోష్ఠులలో నిలిచిపోయిన దనుకొన్న యీ వివాదము నేడు మన పిల్లల చేతులలోనికి వచ్చినది. చేతిఫోనుతో రాత్రివేళ కళాత్మకమైన ఛాయాచిత్రములు తీయుట యొక వ్యాసంగమైనది. తీయువాడు చీకటిని ఏమని యెంచుచున్నాడో దానినిబట్టియే చిత్రముయొక్క అందమును, ధర్మమును నిర్ణయమగునని మా యభిప్రాయము.

ఈ వ్యాసంగమును మేము నిందింపము. ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైన 1839వ సంవత్సరమున పట్టపగలే బొమ్మ పడుటకు నిమిషములు పట్టెడిది. అటుపిమ్మట చాలకాలము మన పల్లెలవారు ఫోటోకొఱకు పట్టణములోని స్టూడియోకు పోవలసివచ్చెడిది. తాతగారి ఏకైక చిత్రము ఆయన పోయిన తరువాత తీసినదిగా నున్న యిండ్లును కలవు. నేడు ఎడ్లపాడులో కూలివాని కుమారుడును, వంటయింటి పని ముగించుకొని డాబా యెక్కిన యిల్లాలును కొండవీటి కొండలపై పొడుచు చంద్రుని చిత్రింపగలరు. ఒక కళ యిందఱికి అందుబాటులోనికి వచ్చుట సంతోషింపదగిన విషయమే.

బొమ్మ తీయునది యంత్రము కదా, ఇందు మనిషి ప్రతిభ యేమున్నదని కొందఱు ఆక్షేపింతురు. ఫోను పనిచేయు తీరు తెలిసికొన్నచో దీనికి సమాధానము దొరకును. ఫోను కంటిపాప మిక్కిలి చిన్నది. రాత్రివేళ దానిలోనికి వచ్చు వెలుతురు స్వల్పము. అందుచే అది ఒక్క బొమ్మను గాక, వెంటవెంటనే పెక్కు బొమ్మలను తీసి, చేతి వణకుడును సరిచేసి, వాని నన్నిటిని ఒకదానిపై నొకటి చేర్చును. ఒక్కొక్క బొమ్మలో ఇసుక చల్లినట్లుండు మచ్చలు తలకొకచోట పడును గాన, కలిపినప్పుడు అణగిపోవును. పదునాఱు బొమ్మలు కలిపినచో ఆ మచ్చలు నాలుగవవంతునకు తగ్గును. గూగుల్ వారు 2018 నవంబరులోను, ఆపిల్ వారు 2019లోను ఇట్టి సాధనమును తమ ఫోనులలో ప్రవేశపెట్టిరి. ఇంత చేసినను, ఎక్కడ నిలువవలెనో, ఎప్పటిదాక వేచియుండవలెనో, దేనిని విడువవలెనో యంత్ర మెఱుగదు. కుంచెను చిత్రకారుడే తయారుచేయవలెనను నియమము లేదు కదా.

అయితే ఈ యంత్రము స్వభావముచేత వైశేషికుడు. చీకటి దానికొక లోపము. లోపము కనబడినచోట నెల్ల పూరించుటయే దాని పని. మహాశివరాత్రినాడు నరసరావుపేట చేరువ కోటప్పకొండ తిరునాళ్లలో దీని ఫలితము చూడవచ్చును. చుట్టుపట్ల గ్రామములవారు విద్యుద్దీపములతో నలంకరించి తెచ్చు ఎత్తయిన ప్రభలు నల్లని యాకాశమున వెలుగు గోపురములవలె నిలుచును. క్రింద జనము ముఖములు ఆ వెలుగులో ఒక క్షణము కనబడి మఱల మఱుగుపడును. ఫోను తన యిష్టము వచ్చినట్లు తీసిన బొమ్మలో ఆకాశము బూడిదరంగు దాల్చును, పొలములు సంధ్యవేళవలె తెల్లబడును, ప్రభ వెలవెలబోవును. అంతయు కనబడును, కాని రాత్రి కనబడదు. బొమ్మలోని వెలుగును తగ్గించుటకు ఫోను తెరమీద వ్రేలితో క్రిందికి జరుపదగిన గీత యొకటి కలదు. ఎంత చూపవలెను, ఎంత దాచవలెను అను వివేకమంతయు ఆ చిన్న గీతమీదనే తేలును. చీకటిని ద్రవ్యముగా నెంచినవాడే దానిని రంగువలె వాడుకొనగలడు.

ఇది అందమునకు సంబంధించిన మాట. సత్యమునకు సంబంధించిన మాట వేఱొకటి కలదు. చిత్రములోని గుఱ్ఱమును చూచునపుడు కలుగు జ్ఞానము నిజమును గాదు, భ్రమయు గాదు, సంశయమును గాదని శంకుకుడు చెప్పెను. చిత్తరువున కది చెల్లును. ఛాయాచిత్రమన్ననో సాక్షివంటిది, ఇది యిట్లుండెనని చెప్పుచున్నది. 2023 మార్చిలో ఒకరు కావలెనని మసకచేసిన చంద్రబింబమును కంప్యూటరు తెరపై నుంచి శాంసంగ్ ఫోనుతో చిత్రింపగా, మూలమున లేని మచ్చలును గుంటలును బొమ్మలో స్పష్టముగా వచ్చినవి. చంద్రుని గుర్తించి వివరములను మెఱుగుపఱచు ఏర్పాటు తమ ఫోనులలో నున్నదని ఆ సంస్థవారును వివరించిరి. వచ్చిన వెలుతురును ప్రోగుచేయుట వేఱు. రాని వెలుతురును కల్పించుట వేఱు. మొదటిది ఓపిక. రెండవది, చెప్పి చేసిన చిత్రలేఖనము, చెప్పక చేసిన కూటసాక్ష్యము.

వీనికంటె బరువైన ప్రశ్న మనుష్యులను గూర్చినది. ఎడ్లపాడు మీదుగా పోవు 16వ జాతీయ రహదారి ప్రక్కన ఆపిన లారీల చెంత డ్రైవర్లు నిద్రించుచుందురు. తిరునాళ్లకు వచ్చిన బీదలు తల్లిబిడ్డలతో నేలమీదనే పవ్వళింతురు. గోడ లేనివానికి చీకటియే గోడ. మొన్న మొన్నటిదాక మన పల్లెలలో ఎందఱో స్త్రీలకు చీకటియే మఱుగుదొడ్డి. వెనుకటి ఫ్లాషుదీపము మోటుదే యైనను, తళుక్కున మెఱసి, చూచుచున్నారని మనిషిని హెచ్చరించెడిది. నేటి ఫోను చప్పుడు లేక, మెఱపు లేక, కంటికి కానరానివానిని సైతము బయటపెట్టుచున్నది. నిద్రించువాడు తాను చీకటిలో నున్నానని నమ్మి పండుకొనెను. మేల్కొనునప్పటికి అతని దైన్యము పదిమంది మెచ్చుకొను కళాఖండమై యుండును.

కష్టమును చూపకున్న సంస్కరణ యెట్లు కలుగునని అడుగవచ్చును. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. జేకబ్ రీస్ అను పత్రికారచయిత న్యూయార్కు నగరపు ఇఱుకు కొంపలలో రాత్రివేళ మెఱపుపొడి వెలిగించి చిత్రములు తీసి 1890లో గ్రంథముగా ప్రకటించెను; బీదల యిండ్ల సంస్కరణమునకు అది తోడ్పడినది. ఆయన చిత్రములలో కొన్ని, నిద్రమత్తులో నున్నవారిని అడుగకయే తీసినవి. మంచి జరిగినదని ఆ దోషము మాసిపోదు, దోషమున్నదని ఆ మంచియు మాసిపోదు. కాని మన రాత్రిచిత్రములలో ఎన్ని వానిని తీయబడినవారికి ఒక కప్పును, ఒక దుప్పటిని తెచ్చిపెట్టుచున్నవి? ప్రయోజనము వారిదా, మన మెప్పుదా యని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను. వారిదే యైనచో తెల్లవాఱిన పిమ్మట బొమ్మను వారికే చూపి, అయ్యా, అమ్మా, ఇది నలుగురికి చూపవచ్చునా యని అడుగుటకు అభ్యంతర మేమి? అడుగుటకు నోరు రాకున్నచో ఆ బొమ్మను తుడిచివేయుటయే మేలు.

కావున తల్లిదండ్రులు పిల్లలను ఈ కళనుండి మఱలింప నక్కఱలేదు. పిట్టగోడపై ఫోను నానించి కదలకుండ వేచియుండుట నేర్పవలెను. వెలుగు తగ్గించు గీతను వాడుట నేర్పవలెను. నిద్రించువారి చెంత ఫోనును జేబులో నుంచుకొనుటయు నేర్పవలెను. వైశేషికులు గెలిచిరో మీమాంసకులు గెలిచిరో తర్కశాస్త్రము చెప్పుగాక. రాత్రివేళ చిత్రము తీయువాడు మాత్రము చీకటియు ఒక వస్తువే యనియు, అది యొక్కొక్కప్పుడు ఇతరుల సొత్తనియు ఎఱిగి ప్రవర్తింపవలెనని మేము కోరుచున్నాము.