ఒప్పుకున్న కూలి, ఇవ్వవలసిన కూలి

కనీస వేతనం పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. పనిచేసే ఇంట్లో ఒకటి, పనిచేయించుకునే ఇంట్లో మరొకటి. తొర్రూరు లాంటి ఊళ్లో ఈ రెండిళ్లూ తరచు ఒకటే. అన్న బస్టాండు దగ్గర దర్జీ దుకాణం పెట్టి ఇద్దరు కుర్రవాళ్లను కుదుర్చుకుంటాడు. తమ్ముడు దుబాయిలో మరొకరి దగ్గర జీతానికి ఉంటాడు. తమ్ముడి జీతం గురించి మాట్లాడేటప్పుడు అన్నకు న్యాయం బాగా గుర్తుంటుంది.

యజమానులు సాధారణంగా చెప్పేది ఇది: "మేమేమీ బలవంతం చేయలేదు. ఇంత ఇస్తామన్నాం, సరేనన్నాడు. ఇష్టపూర్వకమైన ఒప్పందం షరీఅత్‌లో చెల్లుతుంది కదా!" కాస్త చదువుకున్నవారైతే ఒక హదీసు కూడా చూపుతారు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ప్రజలు ధర నిర్ణయించమని కోరగా, దైవప్రవక్త (స) అందుకు ఒప్పుకోలేదు. ధరలను నిర్ణయించేవాడు అల్లాహ్‌యేనని, ఎవరికీ అన్యాయం చేసిన భారం లేకుండా తాను ప్రభువును కలుసుకోగోరుతున్నానని చెప్పారు (అబూ దావూద్, తిర్మిజీ). కాబట్టి కూలి రేటులో కూడా ప్రభుత్వం తలదూర్చరాదని వీరి వాదన.

హదీసు సరైనదే, తీసిన అర్థమే నిలవదు. 1328లో మరణించిన ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మలై) 'అల్ హిస్బా' గ్రంథంలో దీనిని విడమరచి చెప్పారు. సరుకు కొరత వల్లనో, జనం పెరగడం వల్లనో ధర దానంతట అది పెరిగితే పాలకుడు బలవంతం చేయడం అన్యాయం. కాని ఒకరి అవసరాన్ని మరొకరు అదనుగా తీసుకున్నప్పుడు సాటి ధరను విధించడం న్యాయమే కాదు, బాధ్యత కూడా. కూలి విషయంలో ఆయన వాడిన మాట 'ఉజ్రతుల్ మిస్ల్', అంటే అలాంటి పనికి తగిన కూలి. పనివాడు అంతకు మించి పిండరాదు, యజమాని అంతకు తగ్గించరాదు. నిర్ణయించరాదన్న హదీసు వెనుక ఉన్న భయం అన్యాయం చేస్తామేమోనన్నది. అన్యాయాన్ని కాపాడుకోవడానికి దాన్నే అడ్డం పెట్టుకోవడం విడ్డూరం.

ఇక ఒప్పుకున్నాడన్న మాట. ఇంట్లో బియ్యం లేనివాడి 'సరే'కు ఎంత విలువ కట్టాలి? మన ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. పక్కనే ఉన్న పాలకుర్తి, విసునూరు ప్రాంతంలో దేశ్‌ముఖ్‌ల కాలంలో వెట్టి 'ఆనవాయితీ'గానే సాగింది, అదే అంగీకారంగా చెలామణి అయింది. (తన భూమి కోసం ఆ దొరను ఎదిరించి ప్రాణం కోల్పోయిన కామారెడ్డిగూడెం షేక్ బందగీ పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?) 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ చిక్కునే విప్పింది. ఆకలి కూడా బలవంతమేనని, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని తీర్పు చెప్పింది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జరిగిన ఒక సంఘటన ఇమామ్ మాలిక్ (రహ్మలై) 'మువత్తా'లో ఉంది. హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి) సేవకులు ఒకరి ఒంటెను దొంగిలించి కోసుకున్నారు. శిక్షకు ఆదేశించిన ఉమర్ (రజి) దృష్టి తరువాత యజమాని వైపు మళ్లింది. నీవు వీరిని ఆకలితో మాడుస్తున్నట్టుందన్నారు. ఒంటె విలువ 400 దిర్హములైతే హాతిబ్ చేత 800 కట్టించారు. హాతిబ్ (రజి) బద్ర్‌లో పాల్గొన్న సహాబీ. అంతటివారినే నిలదీశారంటే, మన దుకాణాల లెక్కలు ఏ మూల?

1948 నాటి కనీస వేతనాల చట్టం ఐదేళ్లకు మించకుండా రేట్లు సవరించాలన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా సాధారణ గడువు ఐదేళ్లే అంటోంది. కాగితం మీద. తెలంగాణలో 2021 జూన్‌లో ఐదు రంగాలకు జారీ అయిన ఉత్తర్వులు గెజిట్‌కు ఎక్కకనే ఆగిపోయాయి. అంతకుముందు, 2020 సెప్టెంబరులో, గల్ఫ్‌కు వెళ్లేవారి కనీస సిఫారసు వేతనాన్ని కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ నుంచే ఆందోళన లేచింది, విషయం హైకోర్టుకు వెళ్లింది, 2021లో తగ్గింపు రద్దయింది. అప్పుడు "ఒప్పుకునే వెళ్తున్నారు కదా" అని మన ఇళ్లలో ఎవరూ అనలేదు.

నిజంగానే ఇవ్వలేని యజమాని ఉంటాడు. రోజంతా కూర్చుంటే తనకే కూలి గిట్టని చిన్న దుకాణం వాడు. ఒక్కసారిగా వేతనం పెంచితే అతను కుర్రవాణ్ణి మానిపించవచ్చు. ఈ అభ్యంతరం తేలికైనది కాదు. ప్రభుత్వం మెట్టు మెట్టుగా పెంచాలనడంలో తప్పు లేదు. కాని అతనికి షరీఅత్‌లో దారులున్నాయి. జీతం చాలనంత ఇవ్వగలిగితే పని గంటలూ అంతే ఉంచవచ్చు, లాభంలో వాటా మాట్లాడుకోవచ్చు. సేవకులు మీ సోదరులేనని, శక్తికి మించిన పని చెబితే మీరూ చేయి కలపాలని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కు బోధించారు (బుఖారీ, ముస్లిం). ఇవ్వలేనితనం నిజమో కాదో అతని ఖాతా పుస్తకానికీ అల్లాహ్‌కూ తెలుసు.

మరొక అలవాటు గురించి కూడా చెప్పాలి. ఏడాదంతా తక్కువ జీతమిచ్చి, రమజాన్‌లో ఆ కుర్రవాడికే జకాత్ సొమ్ము చేతిలో పెట్టి, "జీతం పెంచినట్టే కదా" అనుకునేవారున్నారు. పనివాడు పేదవాడైతే అతనికి జకాత్ ఇవ్వవచ్చు. కాని దానిని కూలిలో భాగంగా లెక్కిస్తే అది జకాత్ కిందికి రాదు, మళ్లీ ఇవ్వవలసిందే. కూలి బాకీ కూడా అలాగే ఉంటుంది.