తాళం వేసినందుకు తగ్గిన వేగం

బీరువాకు కొత్త తాళం వేయించి, వారం తిరగకముందే "ప్రతిసారీ దీన్ని తీయలేక వేసారిపోయాం" అని విసుక్కోని ఇల్లు ఉంటుందా? 2018 జనవరిలో ప్రపంచమంతటా కంప్యూటర్లు నడిపేవారికి ఇటువంటి విసుగే కలిగింది.

ఆ నెల 3వ తేదీన మెల్ట్‌డౌన్ అనే లోపం బయటపడింది. 1995 తరువాత ఇంటెల్ తయారుచేసిన ప్రాసెసర్లలో దాదాపు అన్నిటిలోను అది ఉన్నదని కనుగొన్నవారు చెప్పారు. ప్రాసెసర్ తొందరపాటు గుమాస్తా వంటిది. అధికారి అనుమతి రాకముందే దస్త్రం తెచ్చి బల్లమీద విప్పుతుంది. అనుమతి లేదంటే మూసేస్తుంది. మూసినా, ఏ కాగితం విప్పిందో దాని జాడ మిగిలిపోతుంది. ఏది ఎంత త్వరగా చేతికందుతున్నదో కొలిచి, మోసపు ప్రోగ్రాము ఆ జాడనుంచి ఇతరుల రహస్యాలు చదవగలదు.

విరుగుడుగా, కంప్యూటర్‌ను ఏలే మూల ప్రోగ్రామైన కెర్నెల్ దస్త్రాలను వేరే గదిలో పెట్టారు. పని పడినప్పుడల్లా ఆ గదిలోకి వెళ్ళాలి, తిరిగి రావాలి. ఒకచోట కూర్చుని లెక్కలు కట్టే ప్రోగ్రాముకు ఇది పెద్దగా తెలియదు. నెట్‌వర్క్ పని అలా కాదు. సమాచారం పంపాలన్నా, అందుకోవాలన్నా కెర్నెల్ తలుపు తట్టవలసిందే. లినక్సు కోసం ఈ మార్పు చేసినవారే, మామూలు పనులకు 5 శాతం, ఒక నెట్‌వర్క్ పరీక్షలో సుమారు 30 శాతం వేగం తగ్గిందని దాచకుండా చెప్పారు. సగటు వాడుకరికి పెద్ద తేడా ఉండదని ఇంటెల్ ప్రకటించింది. ఇంట్లో ఉత్తరం టైపు చేసుకునేవారికి అది నిజమే. రోజంతా వేలమందికి జవాబిచ్చే సర్వర్లవారికి?

తప్పు చేసింది ఒకరు, మూల్యం చెల్లించేది మరొకరు. పైగా తగ్గిన వేగం కళ్ళకు కనబడుతుంది, తప్పిన ప్రమాదం కనబడదు. ఈ దొంగతనం మామూలు రికార్డులలో ఆనవాలే వదలదు. జరిగిందో లేదో తెలియని దొంగతనానికి రోజూ సుంకం కట్టాలా అని అడిగేవారిని నేను తప్పుపట్టను. లినక్సులో 'నోపీటీఐ' అనే ఒక్క మాట చేర్చితే ఆ తాళం తీసివేయవచ్చు కూడా.

బయటి ప్రోగ్రాము ఏదీ సోకని సొంత యంత్రమైతే తీసివేయండి, అది మీ ఇష్టం. కానీ ఒకే యంత్రాన్ని పదిమంది అద్దెకు వాడుకునేచోట యజమాని అలా చేయవచ్చునా? అక్కడ లాభం అతనిది, ప్రమాదం అద్దెదారులది. వారిని అడగకుండా తాళం తీయడం పొరుగువాని సొమ్ముతో జూదమాడటమేనని నా అభిప్రాయం. తాళం వేసినప్పుడు "మీ పని కొంత నిదానిస్తుంది" అని ముందుగా చెప్పడం కూడా బాకీయే. ఇంటెల్‌కు ఈ లోపం 2017లోనే తెలిసింది. మందు సిద్ధమయ్యేదాకా గుట్టుగా ఉంచడం సబబే. దొంగకు దారి చూపలేము కదా! ఆ నెలలలో ఏమీ తెలియక కొత్త యంత్రాలు కొన్నవారి సంగతి మాత్రం నాకు మింగుడుపడదు.

తరువాత వచ్చిన ప్రాసెసర్లలో ఈ లోపాన్ని తయారీలోనే సరిదిద్దారు. పాత యంత్రాలలో ఆ తాళం అలాగే ఉన్నది. ప్రతి పిలుపుకూ అవి గది తలుపు తీసి, మూసి, మళ్ళీ తీస్తున్నాయి.