విషాదాన్ని యోగం అని ఎందుకన్నారు?

ఈ వారం వీడియోలో గీత మొదటి అధ్యాయం చెప్పుకున్నాం కదా, టైమ్ చాలక వదిలేసిన మాట ఒకటుంది.

నూజివీడు వైపు చుట్టాలున్నవాళ్ళకి తెలుసు. పూత విరగబూస్తే ఇంటిల్లిపాదీ సంబరమే. తర్వాత మంచు, తామర పురుగు, మందు మీద మందు. ఎలాగో కాయ నిలిస్తే, కోతకి ముందు ఒక్క సాయంత్రం గాలివాన. తెల్లారేసరికి బంగినపల్లి, రసాలు అన్నీ చెట్ల కిందే. రాలిన కాయకి నున్న మార్కెట్లో ఏం రేటొస్తుంది? తోట గుత్తకి తీసుకున్నాయనకైతే చెట్టు కూడా తనది కాదు, అప్పు మాత్రం తనదే.

ఆయనకి నిద్ర పట్టట్లేదంటే, మనం హైదరాబాద్ నుంచి ఫోన్లో "నాన్నా, టెన్షన్ పడకు, దేవుడున్నాడు" అంటాం. పెట్టేస్తాం.

అర్జునుణ్ణి చూడండి. ఒళ్ళు వణికింది, నోరెండిపోయింది, గాండీవం జారిపోయింది, రథంలో కూలబడ్డాడు. పిరికివాడా? ఎదురుగా ఉన్నది తాత, గురువు, అన్నదమ్ములు! అవే సైన్యాల్ని చూసి దుర్యోధనుడు ద్రోణుడికి వీరుల లెక్క చెప్పాడు, అంతే. ఇద్దరిలో మనసు సరిగ్గా ఉన్నది ఎవరికి? అందుకే ఆ అధ్యాయాన్ని అర్జున విషాద యోగం అన్నారు పెద్దలు.

"కృష్ణుడు మందలించాడుగా" అంటారేమో. మందలించాడు, గట్టిగానే. కానీ ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు. "యుద్ధం చెయ్యను" అని మౌనంగా ఉండిపోయాడు. అసలు బోధ ఆ తర్వాతే. పద్దెనిమిదో అధ్యాయం దాకా, అడిగిన ప్రతిదానికీ జవాబు. ఎదురుగా యుద్ధమే లేదని స్వామి ఎక్కడా అనలేదు, రథం దిగి వెళ్ళిపోనూ లేదు.

కాబట్టి ఈసారి ఫోన్లో "ధైర్యంగా ఉండు" కంటే ముందు "గుత్త ఎంత కట్టాలి నాన్నా, వడ్డీ ఎంతయింది?" అని అడగండి. కుదిరితే ఊరెళ్ళి పక్కన కూర్చుని ఆ లెక్క వెయ్యండి. ఇంకో మాట. "నేను లేకపోతేనే నయం" లాంటి మాట ఆయన నోట వస్తే రేపటిదాకా ఆగొద్దు. ఒంటరిగా వదలొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పూజలు చేసే ఇంట్లో ఇదెందుకు అని ఎవరైనా అంటే, వాళ్ళకి మొదటి అధ్యాయం వినిపించండి.

రెండో అధ్యాయం వచ్చే వారం వీడియోలో.