బొటనవేలు ఎక్కడ పెట్టాలి

మా నాన్న నాకు కారు నడపడం కంటే ముందు హ్యాండిల్ పట్టుకోవడం నేర్పాడు. మాది 1964 నాటి అంబాసిడర్, మార్క్ 2. బ్యాటరీ మొరాయించిన ఒక పొద్దున, బంపర్ దగ్గరి కంతలోంచి ఇనుప హ్యాండిల్ దూర్చి, అది ఇంజనుకు పట్టిందో లేదో మెల్లగా తిప్పి చూసుకుని, నా చెయ్యి తీసి దానిమీద పెట్టాడు. "బొటనవేలు అటు తిప్పకు, నాలుగు వేళ్ల పక్కనే ఉంచు. కిందనుంచి పైకి లాగాలి, పైనుంచి కిందికి తొయ్యకూడదు" అన్నాడు. ఎందుకని అడిగాను. ఇంజను ఒక్కోసారి వెనక్కి తంతుందట. అప్పుడు హ్యాండిల్‌ని చుట్టుకుని ఉన్న బొటనవేలు విరుగుతుందట. అంత చెప్పి ఊరుకోలేదు. నా వేళ్ల మీద తన వేళ్లు వేసి, హ్యాండిల్ ఎక్కడ బిగుసుకుంటుందో, ఆ బిగువు దాటగానే ఎంత ఊపుతో లాగాలో నా చేతికే తెలిసేదాకా నాలుగైదుసార్లు తిప్పించాడు.

నాన్న పోయి ఇరవై ఏళ్లు దాటింది. కారు నా దగ్గరే ఉంది, నడుస్తోంది. దాన్ని చూసినవాళ్లు "ఎంత బాగా దాచుకున్నారండీ" అంటారు. నేను దాచుకున్నది కారునా, ఆ బిగువు తెలిసిన చేతినా అని ఈమధ్య తరచూ ఆలోచిస్తున్నాను.

నెలకో ఆదివారం పొద్దున, సికింద్రాబాద్‌లో ఒక స్నేహితుడి ఇంటి వెనక వేపచెట్టు కింద మేం ఏడెనిమిది మందిమి కలుస్తాం. స్టీరింగ్ పక్కన గేరు ఉండే ఫియట్ ఒకటి, స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి, నా అంబాసిడర్. మొదటి గంటంతా కార్ల మాటలే. కార్బురేటర్ జెట్లో ఇరుక్కున్న నలుసు, అరిగిపోయిన డైనమో బుష్, కొలత చెబితే చాలు లేతు మీద కొత్త బుష్ తీసిచ్చే మేస్త్రీ ఇంకా ఏ సందులో దొరుకుతాడన్న వాకబు. రెండో చాయ్ దగ్గరికొచ్చేసరికి మాట కార్లు దాటిపోతుంది. ఒకాయన వాల్వ్ రేడియోలు బాగుచేస్తాడు. ఒకాయన ఇంటినిండా గోడగడియారాలే. రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు రాగిరేకుతో బాయిలర్ చేసి, నిజంగా బొగ్గుతో నడిచే చిన్న రైలింజన్లు కడతారు. ఆయన వెంట వచ్చే పెద్దాయనకు ఏ కారూ లేదు. ఎప్పుడూ లేదు. ఆయన కాజీపేట లోకో షెడ్డులో ఫైర్‌మాన్‌గా చేశాడు.

కార్ల కోసం కలిసినవాళ్లం పొగబండ్ల దగ్గరికి, బొమ్మల దగ్గరికి ఎందుకు వెళ్తున్నాం? పాతమీద మమకారమే కారణమని చాలాకాలం అనుకున్నాను. కానీ మాలో ఇద్దరు కుర్రాళ్లున్నారు. బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల మామూలు నడక 1995తో ముగిసేనాటికి వాళ్లు పుట్టనే లేదు. చూడని కాలం మీద మమకారం ఎక్కణ్నుంచి వస్తుంది? అయినా పెద్దాయన మాట్లాడుతుంటే వాళ్ల కళ్లు ఆయన మొహం మీద కంటే ఆయన చేతుల మీదే ఎక్కువగా ఉంటాయి. నాకు దారి దొరికింది అక్కడే.

ఒకనాడు పెద్దాయన ఇంజెక్టర్ గురించి చెప్పాడు. బాయిలర్ లోపల ఆవిరి ఎంతో ఒత్తిడితో ఉంటుంది. దానికి ఎదురెళ్లి నీళ్లు లోపలికి చేరాలి. చేరకపోతే నీటిమట్టం తగ్గి, నిప్పుగది కప్పు బయటపడి, ఎర్రగా కాలి, బాయిలర్ పేలుతుంది. ఆ ముప్పు ముంచుకొచ్చేలోగా కరిగి హెచ్చరించడానికి కప్పులో సీసపు బిరడా ఒకటి ఉంటుంది. అది కరిగేదాకా తెచ్చుకోవడం ఫైర్‌మాన్‌కు తలవంపు. బాయిలర్ ఆవిరితోనే అదే బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్‌ను 1858లో ఫ్రెంచి ఇంజనీరు అన్రీ జిఫార్ కనిపెట్టాడు. సన్నబడుతూ పోయే గొట్టంలో ఆవిరి వేగంగా వచ్చి, చన్నీటిని తాకి తాను నీరైపోతూ, తన వేగాన్ని ఆ నీటికి ఇచ్చేస్తుంది. ఇదంతా పుస్తకంలో ఉంటుంది. పెద్దాయన చెప్పింది వేరే. "నీళ్లు లోపలికి పోతున్నాయా, కింద కారిపోతున్నాయా అని వంగి చూసే తీరిక ఉండదు బాబూ. పట్టుకుందంటే సన్నగా పాడుతుంది. పట్టుకోకపోతే ఉమ్మేసినట్టు చప్పుడు. చెవితోనే తెలుస్తుంది." అని పెదాలు బిగించి ఆ రెండు చప్పుళ్లూ చేసి వినిపించాడు. కుర్రాళ్లిద్దరూ ఆ చప్పుళ్లు తామూ చేసి చూశారు. ఆయన సరిదిద్దాడు.

యంత్రాలన్నిటిలోనూ ఇలాంటి తెలివి ఒకటి ఉంటుంది. అది కాగితం మీదికి పూర్తిగా రాదు. బొగ్గు ఎంత వెయ్యాలో రాయవచ్చు. పొగగొట్టంలోంచి నల్లటి పొగ వస్తే బొగ్గు వృథా అవుతున్నట్టనీ, పల్చటి బూడిదరంగు ఆవిరిలా ఉంటే మంట కుదిరినట్టనీ రాయవచ్చు. పార ఎంత వాలిస్తే ఆ బొగ్గు నిప్పుగది మూలల్లోకి పల్చగా పరుచుకుంటుందో మాత్రం, పార పట్టినవాడి పక్కన నిలబడితేనే తెలుస్తుంది. ఏకలవ్యుడు మట్టిబొమ్మ ముందు నిలబడి విలువిద్య నేర్చుకున్నాడంటే అది ఆయన గొప్పతనం. మనబోటివాళ్లకు బొమ్మ చాలదు, మనిషి కావాలి. అందుకే ఈ అభిరుచులున్నవాళ్లు ఒంటరిగా ఉండలేరు. కబుర్ల కోసమే కలుస్తున్నామని మేం అనుకుంటాం గానీ, ఆ కలయిక లేకపోతే మాకు తెలిసినదానికి బతుకే లేదు.

మరి మాస్టారి చిన్న ఇంజన్ల సంగతి? వాటితో ఏ ఊరికీ పోలేం. ఒకసారి ఆయన్నే అడిగాను. ఆయన లెక్కతో జవాబు చెప్పారు. "ఇంజన్ని పొడవులో పన్నెండో వంతుకు తగ్గించానండీ. వైశాల్యం నూట నలభైనాలుగో వంతవుతుంది. ఘనపరిమాణం 1,728వ వంతవుతుంది. ఇనుమూ రాగీ నా మాట విని చిన్నవయ్యాయి. నీళ్లూ నిప్పూ వినవు." ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కాబట్టి చిన్న బాయిలర్ తొందరగా చల్లారిపోతుంది. నీటిమట్టం చూసే గాజుగొట్టాన్ని అదే లెక్కన సన్నం చేస్తే నీరు గొట్టానికి అంటుకుని తప్పుడు మట్టం చూపిస్తుంది. కాబట్టి పెద్దదాన్ని అచ్చంగా దించితే చిన్నది నడవదు. ఎక్కడ దించాలో, ఎక్కడ మార్చాలో తెలియాలంటే పెద్ద ఇంజనులో ప్రతి ముక్కా ఎందుకుందో అర్థమై ఉండాలి. బాయిలర్‌కు వెండి సోల్డరింగ్ చేశాక, పనిచేసేటప్పటి ఒత్తిడికి రెండింతల ఒత్తిడితో నీళ్లు నింపి పరీక్షించనిదే ఆయన నిప్పు వెలిగించరు. బొమ్మే అయినా ప్రమాదం నిజం కదా.

సంక్రాంతికి మా అమ్మ పెట్టే బొమ్మలకొలువు గుర్తొచ్చింది. కొండపల్లి బొమ్మలతో ఒక పల్లె మొత్తం మెట్లమీదికి వచ్చేది. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి, అంబారీ ఏనుగు. తెల్లపొణికి కర్రను ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికి, పైన రంగులేస్తారు. చెట్టు ఎక్కేవాడి కాళ్లకు బంధం ఎక్కడ పడుతుందో చూడనివాడు ఆ బొమ్మ చెక్కలేడు. చిన్నది చేయాలంటే పెద్దదాన్ని ఎంత శ్రద్ధగా చూడాలో కొండపల్లి చేతులకూ మాస్టారి చేతులకూ ఒకేలా తెలుసు.

కారు, రైలు, బొమ్మ ఒకచోట కలవడం మా వేపచెట్టు కిందే జరిగింది కాదు. ఇంగ్లండులో టామ్ రోల్ట్ అనే ఆయన ఉండేవాడు, 1910లో పుట్టాడు. రైలింజన్లు కట్టే కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. తర్వాత పాత కార్ల గ్యారేజీలో భాగస్తుడయ్యాడు. 1934లో మొదలైన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ తొలినాళ్ల మనుషుల్లో ఒకడు. పడవలో కాపురం పెట్టి, పాడుబడుతున్న కాలువల గురించి పుస్తకం రాసి, వాటిని కాపాడే సంఘానికి ఊపిరిపోసినవాళ్లలో ఒకడయ్యాడు.

1950లో వేల్స్‌లోని తాలిత్లిన్ అనే బుల్లి రైలుమార్గం మూతపడే స్థితికి వచ్చింది. పలకరాయి మోయడానికి 1860లలో వేసిన లైను అది. పట్టాల మధ్య దూరం 686 మిల్లీమీటర్లే. గని మూతపడింది, నష్టానికైనా లైను నడుపుతూ వచ్చిన యజమాని కన్నుమూశాడు. ఆ అక్టోబరులో బర్మింగ్‌హామ్‌లో రోల్ట్, ఆయన స్నేహితులు సభపెట్టి, ఆ లైనును స్వచ్ఛందంగా తామే నడుపుతామన్నారు. 1951 మే 14న రైలు కదిలింది. స్లీపర్లు కుళ్లిపోయి, చాలాచోట్ల పట్టాలు గడ్డివేళ్ల బలంతో నిలిచి ఉన్న దారి అది. దాన్ని లాగింది 1866 నాటి డొల్గోచ్ అనే ఇంజను. స్వచ్ఛంద కార్యకర్తలు కాపాడి నడిపిన తొలి రైలుమార్గంగా ప్రపంచం దాన్ని గుర్తిస్తుంది. పిల్లల కోసం థామస్ ఇంజను కథలు రాసిన విల్బర్ట్ ఆడ్రీ అక్కడ గార్డుగా పనిచేశాడు. ఆయన తన కొడుక్కి చెక్కతో ఇంజను బొమ్మ చేసిచ్చిన తండ్రి, సొంతంగా బుల్లి రైలుమార్గాలు కట్టుకున్న మనిషి.

ఆ రైలును వాళ్లు అద్దాల వెనక పెట్టలేదు. పెట్టి ఉంటే ఇనుము మిగిలేది. ప్రతి వేసవీ నడిపారు కాబట్టి పట్టా వేయడం, బాయిలర్ విప్పడం, నిప్పు రాజేయడం కూడా మిగిలాయి. మన నీలగిరి రైలుకూ అదే కథ ఉంది. మేట్టుపాళయం నుంచి ఉదగమండలం దాకా 46 కిలోమీటర్లు, 1908లో పూర్తయింది. కల్లార్, కూనూర్ల మధ్య పన్నెండున్నర అడుగులకు ఒక అడుగు ఎత్తు ఎక్కుతుంది. పట్టాల మధ్య పళ్లకమ్మీ ఉంటుంది. రెండు సిలిండర్లలో పనిచేసిన ఆవిరే ఇంకో రెండింటిలోకి వెళ్లి, ఆ కమ్మీని పట్టుకునే పళ్లచక్రాన్ని తిప్పుతుంది. చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో ఆగిపోయింది. అయినా 2010 తర్వాత తిరుచిరాపల్లి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు నీలగిరి కోసం అలాంటి ఇంజన్లను కొత్తగా కట్టగలిగింది. కొండరైలు ఆగకుండా నడిచింది కాబట్టి, దాని పాత ఇంజన్లను విప్పి బిగించే పని అక్కడ ఆగలేదు. నలభై ఏళ్ల ఎడాన్ని దాటించింది నడకేనని నా నమ్మకం.

ఇదంతా ఉత్సాహంగా చెప్తుంటే ఒక ఆదివారం పెద్దాయన నన్ను ఆపాడు. "మీకు సరదా. మాకది ఉద్యోగం బాబూ. ఎండాకాలంలో ఆ నిప్పు ముందు నిలబడి సింగరేణి బొగ్గు పారలకొద్దీ విసిరాం. కళ్లు మండేవి, వెన్ను విరిగేది. ఆ ఇంజన్లు పోయినందుకు నాకేం బాధ లేదు. నా కొడుకు ఆ పని చెయ్యలేదు, సంతోషం." మేం ఎవరం మాట్లాడలేదు. కాసేపాగి ఆయనే అన్నాడు: "ఒకటే బాధ. ఇరవైయేళ్లు కష్టపడి నేర్చుకున్నది అడిగేవాడు లేకుండాపోయాడు. మాస్టారు వచ్చి, చిన్న బాయిలర్‌లో మంట కుదరట్లేదు, చూస్తారా అన్నారు. ఆరోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు."

ఆ మాట విన్నాక మా అభిరుచి విలువ నాకు వేరేగా కనబడింది. నా కారు నాన్న గుర్తుగానే మిగిలి ఉంటే అది నా ఒక్కడికే పనికొచ్చేది. బొగ్గుపొగను, పెట్రోలు ఖర్చును గొప్పచేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఊళ్లన్నీ మళ్లీ ఆవిరితో నడవాలని ఎవరమూ కోరుకోం. కానీ ఒక మనిషి ఒంట్లోకి ఇంకిన తెలివిని మరో మనిషి వచ్చి అడగడం, అడిగించుకున్నవాడికి ఆ రాత్రి నిద్రపట్టకపోవడం చిన్న సంగతులు కావు. పాత యంత్రం అలా అడగడానికి ఒక సాకు అందిస్తుంది. అందుకోసమైనా దాన్ని నడిపించాలి.

పోయిన నెల మా పక్కింటి అమ్మాయి, ఇంజనీరింగ్ రెండో ఏడాది, కారు దగ్గరికొచ్చి "అంకుల్, ఈ కంత ఎందుకు?" అంది. డిక్కీలోంచి హ్యాండిల్ తీశాను. దూర్చి, పట్టిందో లేదో చూసి, ఆమె చేతికిచ్చాను. ఎవరు నేర్పారో గానీ అందరూ పట్టుకున్నట్టే పట్టుకుంది, బొటనవేలు అటువైపు చుట్టి. నా వేలితో దాన్ని తీసి నాలుగు వేళ్ల పక్కన పెట్టాను. "కిందనుంచి పైకి లాగు తల్లీ. మొదట మెల్లగా. బిగుసుకునే చోటు వస్తుంది, అది నీకే తెలుస్తుంది."

లాగింది. ఆగింది. "ఇక్కడా?" అంది.

"అక్కడే."