కొత్తవాని పని, పెద్దల మాట

తన పని చూపి "ఎట్లున్నది?" అని అడిగే కొత్తవానికి మనం చెప్పవలసిన మాట ఏది? ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, సత్యమూ దయా ఇందులో ఒకదానినొకటి త్రోసుకొంటూ నిలిచి ఉన్నవి.

సూరత్ నగరంలో చీరల వర్తకులు వేలసంఖ్యలో ఉన్నారు. అక్కడి మరమగ్గాల మీద తెలంగాణ నుండి వలసపోయిన పద్మశాలీల చేతులు కూడ తరాలుగా పనిచేస్తున్నవి. అట్టి వర్తకుడొకడు తన సరుకును దూరప్రాంతాలవారికి చూపుటకై వెబ్‌సైటు కావలెనని, అప్పుడే పని నేర్చిన ఒక యువకునికి అప్పగించినాడనుకొందాము. యువకుడు రాత్రింబవళ్లు శ్రమించి దానిని తయారుచేసి, ఆ విద్యలో తనకంటె పెద్దవారికి చూపుతాడు. తెర మీది చీర రంగుకూ చేతిలోని చీర రంగుకూ పొత్తు లేదు. ధర ఎక్కడున్నదో వెదకవలెను. ఫోనులో తెరచితే అక్షరాలు అంచు దాటిపోతున్నవి. చూచినవారు ఇవన్నీ గమనించియు, "బాగున్నది నాయనా, ఇట్లే చెయ్యి" అని పంపివేస్తారు.

దీనిని దయ అంటున్నాము. నా కంటికి ఇది సోమరితనంవలె కనిపిస్తుంది. తప్పు చూపవలెనంటే పుట పుటా పరిశీలించవలెను, కారణం చెప్పవలెను, అతని ముఖం చిన్నబోవుట సహించవలెను. పొగడ్తకు ఇవేవీ అక్కరలేదు. నిందకూ అక్కరలేదు. "ఇది నీ వల్ల కాదు" అనేవాడు కూడ, పొగిడినవానివలెనే, పనిని పూర్తిగా చూడలేదు. ఇద్దరూ అన్నదమ్ములే.

అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఈ వ్యవహారంలో ఉన్నవారు అడిగినవాడూ చెప్పినవాడూ మాత్రమే కారు. డబ్బిచ్చిన వర్తకుడు అక్కడ లేడు. తెర మీది రంగు నమ్మి చీర తెప్పించుకొనే ఎక్కడి గృహిణియో అక్కడ లేదు. ఎదుట ఉన్నవానిపై చూపిన దయకు మూల్యం చెల్లించేది ఎదుట లేనివారు. నేర్చుకొనేవాడు తనకోసం చేసుకొన్న పనిలోని తప్పులు అతని సొంత ఆస్తి. కూలి పుచ్చుకొన్న క్షణం నుండి అవి ఇతరులవి కూడ అవుతవి. వృత్తిధర్మం అక్కడనే మొదలవుతుంది. నైపుణ్యం వచ్చేవరకు అది వేచి ఉండదు. కొత్తవాడు పొరపాటు చేయవచ్చు గాని, తాను కొత్తవాడనన్న సంగతి దాచరాదు.

ఈ నగరంలోనే వజ్రాలు సానపట్టే పని ఉన్నది. ఆ పనివానిని రత్నకళాకారుడని గౌరవంగా పిలుస్తారు. సానమీద అరిగిపోయిన బరువు రాయికి తిరిగి రాదు. కనుక కొత్త చేతికి విలువైన రాయి ఇవ్వరు, చెప్పవలసిన మాట పొరపాటుకు ముందే చెప్పుతారు. వెబ్‌సైటు అట్లు కాదు. రాత్రి కనిపించిన తప్పును తెల్లవారేసరికి దిద్దవచ్చు. ఈ సౌలభ్యమే కీడు కూడ చేస్తున్నది: తరువాత దిద్దుకోవచ్చునని సగం పనిని సంతలో పెట్టుతారు, తరువాత దిద్దుకొంటాడులే అని పెద్దలు ఊరుకొంటారు.

సూరత్ కవి నర్మద్ 1858లో ఉపాధ్యాయ పదవిని వదలి, కలముమీదనే బ్రతుకుతానని నిశ్చయించుకొన్నాడు. పేదరికం వల్ల 1882లో తిరిగి కొలువులో చేరవలసివచ్చింది. ఆ కష్టం హృదయాన్ని కదిలిస్తుంది. అయినా కష్టం చూచి ఆయన పద్యాన్ని మంచిదనే పాఠకుడు ఆయనకు అవమానమే చేస్తాడు.

అదే ఊరివాడైన నందశంకర్ మెహతా 1866లో 'కరణ్ ఘేలో' ప్రకటించినాడు. గుజరాతీలో నవలకు అది తొలి అడుగు; దానిని తూచుటకు త్రాసు కూడ అప్పటికి ఆ భాషలో లేదు. మరుసటి సంవత్సరం మరొక సూరత్‌వాసి నవల్‌రామ్ పాండ్యా దానిపై సమీక్ష వ్రాసినాడు. గుజరాతీ సాహిత్యవిమర్శకు అదే ఆరంభమని చెప్పుతారు. తొలి ప్రయత్నాన్ని విమర్శకు తగినదిగా ఎంచుట, నా దృష్టిలో, పొగడ్తకన్న పెద్ద గౌరవం. నందశంకర్ మరొక నవల వ్రాయలేదు. అందుకు ఆ సమీక్షను తప్పుపట్టనక్కరలేదు. ఆయన జీవితం ప్రభుత్వోద్యోగాల వైపు మళ్లినది. నవల్‌రామ్ మాత్రం 1870 నుండి 'గుజరాత్ శాలాపత్ర' సంపాదకుడై, 1888లో మరణించేవరకు ఇతరుల పుస్తకాలను చదివి తూచుతూనే ఉన్నాడు.